సైకెడెలిక్ అనుభవంతో నమ్మకాలు మారిపోతాయా? క్లాసులో చెప్పడానికి సాయం కావాలి

అనంత_సైకాలజీ (అనంతపురం)

అందరికీ నమస్కారం. డిగ్రీ మూడో సంవత్సరం సైకాలజీ పిల్లలకు నమ్మకాలు ఎట్లా ఏర్పడతాయి, ఎట్లా మారతాయి అనే పాఠం చెప్పాలి. అందులో సైలోసైబిన్, ఎల్‌ఎస్‌డి, డీఎంటీ లాంటి సైకెడెలిక్‌ల (చూపును, ఆలోచనను కొన్ని గంటలపాటు బాగా మార్చేసే మందుల) కోసం ఒక పూట కేటాయించాను. పిల్లలు యూట్యూబ్‌లో చానా చూసే వస్తున్నారు. "ఒక్కసారి తీసుకుంటే నాస్తికుల్లో మూడింట రెండొంతుల మంది మారిపోయారంట కదా మేడమ్" అని అడుగుతున్నారు. ఆ అంకెను ఎంతవరకు నమ్మొచ్చు? మారితే లోపల జరిగేదేంది? ఏ మందూ లేకుండా ఆ "ఇదే సత్యం" అనే భావనను క్లాసులో చూపించే దారి ఉందా?

ఇంకో రెండు సంగతులు. శివరాత్రికి, వినాయక చవితికి వాడే ఉమ్మెత్త కూడా ఇదే కోవలోదని కొందరు పిల్లలు అనుకుంటున్నారు. ఇంకొకటి, బెంగళూరులో ఉద్యోగం చేసే కొడుకు "రాళ్లకు, చెట్లకు మనసుంది, నాకు తెలిసిపోయింది" అంటూ ఇంటికి తిరిగొచ్చాడని ఒక తల్లి సలహా అడుగుతున్నారు. అది నమ్మకం మారడమా, జబ్బా? విడదీసి చూసేదెట్లా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి, తేలిక మాటలు వద్దు.

---

తుంగభద్ర_గట్టు (కర్నూలు)

మేడమ్, ముందు ఆ అంకె సంగతి చూద్దాం. పిల్లలు చెప్పింది 2019లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ యూనివర్సిటీ బృందం వేసిన సర్వే. 4,285 మంది జవాబిచ్చారు. అనుభవానికి ముందు నాస్తికులమని చెప్పుకున్నవాళ్లలో మూడింట రెండొంతులకు పైగా తర్వాత ఆ మాట చెప్పుకోలేదు. అంకె నిజమే. అయితే ఆ సర్వేకు పిలిచిందే "దేవుణ్ణో పరమసత్యాన్నో ఎదురుగా కలిసిన అనుభవం" తమకు కలిగిందని చెప్పేవాళ్లను. మంత్రాలయంలో బృందావన దర్శనం చేసుకుని బయటికొచ్చేవాళ్లను మాత్రమే అడిగి, కర్నూలు జిల్లా మొత్తానికి భక్తి శాతం కట్టినట్టు ఉంటుందది. ఇంకో మెలిక కూడా ఉంది. "నాస్తికుణ్ణి కాను" అన్నవాడు ఆస్తికుడైపోయినట్టు కాదు. సంశయంలో పడినవాడు కూడా ఆ లెక్కలోకే వస్తాడు.

అదే సంస్థ నుంచి 2022లో ఇంకో సర్వే వచ్చింది. 1,606 మంది. "నా నమ్మకాన్ని మార్చిన సైకెడెలిక్ అనుభవం ఒకటుంది" అనేవాళ్లకే ప్రవేశం. మొక్కలకు చైతన్యం ఉందనేవాళ్లు 26 శాతం నుంచి 61కి, పురుగులకు ఉందనేవాళ్లు 33 నుంచి 57కి పెరిగారు. మనిషి చేసిన వస్తువులకు కూడా ఉందనేవాళ్లు 3 నుంచి 15కి చేరారు. ఈ "ముందు" అంకె ముందు అడిగి రాసుకున్నది కాదు. అనుభవమైన ఏండ్ల తర్వాత, "అప్పట్లో మీరు ఏం నమ్మేవారు" అని అడిగి రాబట్టింది. మారిపోయానని గట్టిగా అనుకునే మనిషికి తన పాత రూపం ఉన్నదానికంటే దూరంగా కనిపిస్తుంది.

అందుకే తర్వాత వాళ్లే పద్ధతి మార్చారు. సైలోసైబిన్ తీసుకోబోతున్నవాళ్లను ముందే పట్టుకుని ప్రశ్నలడిగి, వారాలు, నెలలు గడిచాక మళ్లీ అవే అడిగారు. ఇతర జీవులకు, వస్తువులకు మనసుందనే భావన కొంచెం పెరిగింది. నాస్తికుడా ఆస్తికుడా అనే దాంట్లో మార్పు కనబడలేదు. క్లాసులో ఈ రెండు ఫలితాల్నీ పక్కపక్కన బోర్డు మీద రాయండి. ప్రశ్న ఎప్పుడు అడిగామనే దాన్ని బట్టి జవాబు ఎంత మారుతుందో పిల్లలకు ఒక్క చూపులో తెలుస్తుంది.

అట్లాగని మార్పే లేదనీ అనలేం. 2021లో టిమర్‌మన్ బృందం, సైకెడెలిక్ క్రతువులకు పోయేవాళ్లను ముందు, 4 వారాలకు, 6 నెలలకు అడిగింది. "ఉన్నదంతా భౌతిక పదార్థమే" అనే వైపు నుంచి "చైతన్యం అన్నిట్లో ఉంది" అనే వైపు కొంత జరిగారు, 6 నెలల తర్వాత కూడా అది నిలిచింది. డిప్రెషన్ రోగుల్లో కొందరికి సైలోసైబిన్, కొందరికి ఎస్సిటలోప్రామ్ (డిప్రెషన్‌కు మామూలుగా ఇచ్చే మందు) ఇచ్చి పోల్చిన ఆసుపత్రి ట్రయల్‌లోనూ సైలోసైబిన్ గుంపులో ఇదే దిశ కనిపించింది. నాకు ముఖ్యంగా తోచేది ఆ క్రతువుల అధ్యయనంలోని ఇంకో ఫలితం. ఇతరుల ప్రభావానికి తేలిగ్గా లోనయ్యే స్వభావం ఉన్నవాళ్లలో, ఆ సమయంలో పక్కవాళ్లతో మనసు ఒకటైందనిపించినవాళ్లలో మార్పు ఎక్కువ. అంటే మందుతో పాటు చుట్టూ ఉన్న మనుషులు కూడా లెక్కలోకి వస్తారు.

ఈ రంగంలో ఎప్పుడూ వెంటాడే లోపం బ్లైండింగ్, అంటే ఎవరికి అసలు మందు పడిందో తెలియకుండా దాచడం, కుదరకపోవడం. 1962 ఏప్రిల్ 20న, గుడ్ ఫ్రైడే నాడు, బోస్టన్ యూనివర్సిటీ మార్ష్ చాపెల్‌లో వాల్టర్ పాంకే అనే పరిశోధకుడు 20 మంది క్రైస్తవ వేదాంత విద్యార్థులతో ప్రయోగం చేశాడు. పది మందికి 30 మిల్లీగ్రాముల సైలోసైబిన్, పది మందికి నికోటినిక్ ఆమ్లం. నికోటినిక్ ఆమ్లంతో ముఖం ఎర్రబడి వేడెక్కుతుంది కాబట్టి అవతలి గుంపు కూడా తమకే అసలు మందు పడిందనుకుంటుందని అంచనా. అది కాసేపే పనిచేసింది, ఎవరికి ఏది పడిందో గదిలో అందరికీ తెలిసిపోయింది. ఒక విద్యార్థి అదుపు తప్పితే శాంతపరిచే క్లోర్‌ప్రోమజీన్ సూది వేయాల్సి వచ్చింది. ఆ సంగతి మొదటి నివేదికలో లేదు. 1991లో రిక్ డోబ్లిన్ అనే పరిశోధకుడు పాతవాళ్లను వెతికి మాట్లాడినాకే బయటికొచ్చింది.

2006లో జాన్స్ హాప్‌కిన్స్‌లో గ్రిఫిత్స్ చేసిన ప్రయోగంలో 70 కిలోల బరువుకు 30 మిల్లీగ్రాముల లెక్కన 36 మందికి సైలోసైబిన్ ఇచ్చారు, పోలికకు మిథైల్‌ఫెనిడేట్ అనే ఉత్తేజం కలిగించే మందు వాడారు. "జీవితంలో అత్యంత అర్థవంతమైన అనుభవాల్లో ఒకటి" అని మూడింట రెండొంతుల మంది చెప్పింది ఇక్కడే. ఆ 36 మందీ అంతకుముందే ఏదో ఒక మేరకు ప్రార్థనో ధ్యానమో చేసేవాళ్లు. ఈ సంగతి చెప్పకుండా ఆ శాతం ఒక్కటే చెబితే పిల్లలకు అన్యాయం చేసినట్టే.

---

దేవుని_కడప (కడప)

లోపల ఏం జరుగుతుందో, క్లాసులో ఏం చూపించొచ్చో నేను చెప్తాను. ఆ అబ్బాయి సంగతి కింద విడిగా రాస్తాను.

ఈ మందులన్నీ ముఖ్యంగా పట్టుకునేది సెరటోనిన్ 2ఏ రిసెప్టర్‌ను, అంటే సెరటోనిన్ అనే మెదడు రసాయనం వచ్చి అతుక్కునే చోటును. కెటాన్‌సెరిన్ అనే మందుతో ఆ రిసెప్టర్‌ను ముందే మూసేస్తే అనుభవం దాదాపు రాదు. 2017లో జూరిక్‌లో చేసిన ప్రయోగం ఈ పాఠానికి సరిగ్గా సరిపోతుంది. ఒక్కొక్కరికీ తమకు ప్రాణమైన పాటలు, ఏమీ అనిపించని పాటలు వినిపించారు. 100 మైక్రోగ్రాముల ఎల్‌ఎస్‌డి మీద, ఏమీ అనిపించని పాటలు కూడా గొప్ప అర్థం ఉన్నట్టు తోచాయి. ముందుగా 40 మిల్లీగ్రాముల కెటాన్‌సెరిన్ ఇస్తే ఆ పెంపు పోయింది. పాటలో ఏమీ మారలేదు. "దీంట్లో ఏదో ఉంది" అనే భావనను ఒక రిసెప్టర్ పెంచింది, ఆ రిసెప్టర్ మూస్తే తగ్గింది. ఆ పాటల జాగాలో ఒక ఆలోచనను పెట్టి చూడమని పిల్లలకు చెప్పండి.

2019లో కార్‌హార్ట్-హారిస్, ఫ్రిస్టన్ అనే మెదడు పరిశోధకులు ఇచ్చిన వివరణ ఇట్లా ఉంటుంది. మెదడు కంటికి, చెవికి వచ్చేదాన్ని ఉన్నదున్నట్టు తీసుకోదు. "ఇది ఇదే అయ్యుంటుంది" అని ముందే ఒక అంచనా కట్టుకుని దానితో సరిచూసుకుంటుంది. సైకెడెలిక్‌లు ఆ అంచనాల పట్టును సడలిస్తాయి, కింది నుంచి వచ్చే సమాచారానికి బలం పెరుగుతుంది, కొత్త నమ్మకం కుదురుకునే సందు దొరుకుతుంది. ఇది సిద్ధాంతమే, ఇంకా పరీక్షల్లో ఉంది. కొన్ని అంచనాలు సడలకపోగా గట్టిపడతాయనే వాదన కూడా ఉంది.

అంచనా బలం చూపడానికి జాతరలో అమ్మే పలచని ప్లాస్టిక్ ముఖం ఒకటి చాలు. లోపలి గుంట వైపు పిల్లల వైపుకు తిప్పి, రెండు మీటర్ల దూరంలో పట్టుకోండి. ఒక కన్ను మూసుకోమనండి. గుంట ముక్కు ముందుకు పొడుచుకొచ్చినట్టు కనిపిస్తుంది. ముఖాన్ని నెమ్మదిగా కుడికి తిప్పితే అది ఎడమకు తిరిగినట్టుంటుంది. గుంట అని తెలిసినా కన్ను ఒప్పుకోదు, ఎందుకంటే ముఖమంటే ఉబ్బెత్తుగా ఉంటుందనే అంచనా అంత పాతది. ముదురు రంగు గీతలున్న ముఖం కంటే ఒకే లేత రంగుది మేలు. రెండు కళ్లూ తెరిచి దగ్గరికొస్తే మాయ విడిపోతుంది, కాబట్టి ముందు బెంచీ వాళ్లను వెనక్కి పంపండి.

ఇక "ఇదే సత్యం" అనే భావన. దీన్ని సైకాలజిస్ట్ విలియం జేమ్స్ 1902లోనే గుర్తించాడు: ఇట్లాంటి అనుభవాలు వట్టి భావోద్వేగంగా కాకుండా తెలిసొచ్చిన జ్ఞానంగా తోస్తాయని. 2020లో లౌకొనెన్ బృందం దాన్ని మందు లేకుండా పుట్టించింది. ఒక వాక్యం ఇస్తారు, అందులో ఒక మాట అక్షరాలు తారుమారై ఉంటాయి. ఆ మాట టక్కున తడితే, ఆ వెలుగు వాక్యానికి కూడా అంటుకుని, వాక్యం మరింత నిజమనిపిస్తుంది.

తెలుగులో చేయాలంటే ఇట్లా: 20 వాక్యాలు తయారు చేయండి, పది నిజం, పది అబద్ధం. నిజమో కాదో పిల్లలకు ముందే తెలిసినవి వద్దు. నిజం: "తేనెటీగలకు మనుషుల ల–ను–ఖా–ము గుర్తుపట్టేలా శిక్షణ ఇవ్వొచ్చు". అబద్ధం: "పిల్లి నాలుక ద–న్ని–తి–నా–య్య గుర్తుపట్టగలదు". సగం వాక్యాలను ఎ కాగితంలో తారుమారుగా, బి కాగితంలో మామూలుగా ఇవ్వండి, మిగతా సగాన్ని అటుదిటు చేయండి. రెండు కాగితాల్లోనూ నిజాలు, అబద్ధాలు, తారుమారువి, మామూలువి సమానంగా పడాలి. ఒక్కోదానికి 20 సెకన్లు. తర్వాత రెండే ప్రశ్నలు: మాట టక్కున తట్టిందా లేదా, వాక్యం ఎంత నిజమనిపిస్తుంది 1 నుంచి 10 వరకు.

చెడిపోయేది ఎక్కడంటే, మూడక్షరాల మాట చూడగానే తెలిసిపోతుంది, వెలుగు రాదు. ఆరు దాటితే ఎవరికీ తట్టదు. నాలుగైదు మంచిది. వత్తును విడగొట్టొద్దు, "య్య" ఒకే ముక్కగా ఉంచాలి, లేకపోతే చదవడమే కష్టమై ఆ చిరాకు మార్కుల్లో కలుస్తుంది. ఒకడు జవాబు పైకి అనేస్తే ఆ వాక్యం అందరికీ పోయినట్టే. లెక్క కట్టేటప్పుడు తెలివైన పిల్లల్ని, మామూలు పిల్లల్ని కలిపి సగటు తీయొద్దు. ఒక్కో విద్యార్థికి తట్టినవాటి సగటు, మామూలువాటి సగటు తీసి, ఆ తేడాలను అందరికీ కలిపి చూడండి. 40 మంది లేకపోతే తేడా కనబడకపోవచ్చు. అయిపోయాక ఏ వాక్యాలు అబద్ధమో అదే గంటలో చెప్పండి, లేకపోతే పిల్లికి తీపి తెలుస్తుందనే మాట వాళ్లతో ఇంటికి పోతుంది.

---

గుత్తి_కోట (గుత్తి)

మందు వల్ల వచ్చింది కాబట్టి అబద్ధమనేనా మీ మాట? వాళ్లు చూసింది నిజమే కావచ్చు కదా. మన అచల గురువులు, బ్రహ్మంగారి మార్గంలో ఉన్నవాళ్లు ఏ మందూ లేకుండా చెప్పింది కూడా అదే మాదిరి ఉంటుంది.

---

తుంగభద్ర_గట్టు (కర్నూలు)

అన్నా, అబద్ధమని ఎవరూ అనలేదు. నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందనేది దాని నిజానిజాలు తేల్చదు, రెండు వైపులా. ఎంత గట్టిగా అనిపించిందనేది కూడా తేల్చదు. నేను చెప్పేది అంతవరకే.

తేల్చి చూడగల నమ్మకాలు కూడా ఇందులో ఉన్నాయి. 2014లో జాన్స్ హాప్‌కిన్స్‌లో సిగరెట్ మానలేకపోతున్న 15 మందికి కౌన్సెలింగ్‌తో పాటు సైలోసైబిన్ ఇచ్చారు. 6 నెలలకు 12 మంది మానే ఉన్నారు. శ్వాసలో కార్బన్ మోనాక్సైడ్, మూత్రంలో నికోటిన్ అవశేషం కొలిచి మరీ నిర్ధారించారు. చిన్న ప్రయోగం, పోలిక గుంపు లేదు. అయినా "నా వల్ల కాదు" అనే నమ్మకం మారిందా లేదా అనేది మూత్రపరీక్షలో తెలుస్తుంది. రాయికి మనసుందా అనేదానికి అట్లాంటి పరీక్ష లేదు. చికిత్సకు పనికొచ్చే మార్పు ఎక్కువగా మొదటి రకంలోనే ఉంటుందని నా అభిప్రాయం.

మీరు అచలం సంగతి ఎత్తినారు కాబట్టి ఇంకో మాట. అనుభవంలో ఖాళీ ఏర్పడితే దాన్ని నింపేది చుట్టూ ఉన్న మాటలే. 2015లో పది మంది ఆరోగ్యవంతులకు 40 నుంచి 80 మైక్రోగ్రాముల ఎల్‌ఎస్‌డి నరంలోకి ఇచ్చి చూస్తే, ఎదుటివాడి సూచనకు లోబడడం పెరిగింది. జపాన్‌లో ఓమ్ షిన్‌రిక్యో అనే సంఘం శిష్యులకు దీక్ష పేరుతో ఎల్‌ఎస్‌డి ఇచ్చేది. ఆ సంఘమే 1995లో టోక్యో మెట్రోలో సారిన్ విషవాయువు వదిలింది. అందుకే 2021లో మాథ్యూ జాన్సన్ అనే పరిశోధకుడు, చికిత్స గదిలో బుద్ధుడి బొమ్మ లాంటివి కూడా పెట్టొద్దని, చికిత్సకుడు తన మతాన్ని రోగి మీదికి తేవొద్దని గట్టిగా రాశాడు. గురువు మంచివాడైనా ఈ జాగ్రత్త పోదన్నా.

---

దేవుని_కడప (కడప)

మేడమ్, ఉమ్మెత్త సంగతి. అది ఈ కోవది కాదని పిల్లలకు గట్టిగా చెప్పండి. దాంట్లో ఉండేవి అట్రోపిన్, స్కోపాలమిన్. అవి సెరటోనిన్ జోలికి పోవు, ఎసిటైల్‌కోలిన్ అనే వేరే నరాల రసాయనాన్ని అడ్డుకుంటాయి. వచ్చేది సన్నిపాతం: లేని మనిషితో మాట్లాడడం, బట్టలు పీక్కోవడం, తర్వాత ఏదీ జ్ఞాపకం లేకపోవడం. కంటిపాపలు పెద్దవై వెలుతురు చూడలేరు, నోరు ఎండిపోతుంది, చెమట పట్టక ఒళ్లు కాలిపోతుంది, మూత్రం ఆగిపోతుంది, గుండె దడదడలాడుతుంది. ఒక్కోసారి రెండు రోజులుంటుంది, ప్రాణం కూడా పోతుంది. ఒక్కో చెట్టుకు, ఒక్కో కాయకు విషం పాలు మారిపోతుంది కాబట్టి "ఇంత అయితే ఫరవాలేదు" అనే కొలత లేదు. చవితి పత్రిలో దత్తూర పత్రం పూజకే. ఎవరైనా తింటే వాంతి చేయించొద్దు, 108కి ఫోన్ చేసి, తిన్న ఆకో కాయో సంచిలో వేసుకుని ఆసుపత్రికి పోవాలి.

ఇక ఆ అబ్బాయి. "రాళ్లకు మనసుంది" అనే మాట ఒక్కటి పట్టుకుని జబ్బు అనలేం. జమ్మిచెట్టుకు మొక్కి, నాగులకట్టకు పాలు పోసే ఊళ్లో ఆ మాట సగం మందికి వింత కాదు. చూడాల్సింది మాట కాదు, మనిషి.

మొదట ఆ తల్లితో అడిగించాల్సింది ఏం తీసుకున్నాడు, ఎన్ని రోజులైంది, మళ్లీ తీసుకుంటున్నాడా అని. సైలోసైబిన్ ప్రభావం 4 నుంచి 6 గంటలు, ఎల్‌ఎస్‌డిది 8 నుంచి 12 గంటలు. ఎల్‌ఎస్‌డి అని అమ్మే కాగితం ముక్కలో వేరే మందు ఉండడం మామూలే, కాబట్టి పేరు నమ్మి లెక్కలు కట్టొద్దు. రెండు రోజులు దాటినా గొంతులు వినబడుతుంటే, ఎవరో వెంటాడుతున్నారంటుంటే అది మందు ప్రభావం అనుకుని ఆగొద్దు.

తర్వాత నిద్ర. రాత్రికి రెండు మూడు గంటలే పడుకుని, అయినా అలసట లేకుండా, గలగలా మాట్లాడుతూ, డబ్బు పారేస్తుంటే అది మేనియా కావచ్చు. అదే రోజు సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకుపోవాలి. కొత్త నమ్మకం ఉన్నా స్నానం, తిండి, పని సాగుతూ, "నువ్వు తప్పు కావచ్చు కదా" అంటే నవ్వి "కావచ్చు" అనగలిగితే తొందర లేదు. "నన్నే ఎన్నుకున్నారు", "నాకు ఆజ్ఞ వచ్చింది" అంటే తొందర ఉంది. ఇంట్లో దగ్గరి రక్తసంబంధీకుల్లో స్కిజోఫ్రెనియా, బైపోలార్ ఉన్నాయా అడగండి. ట్రయల్స్‌లో ఇట్లాంటివాళ్లను మొదట్లోనే తీసేస్తారు. లిథియం (బైపోలార్‌కు ఇచ్చే మందు) వాడుతున్నాడా అనేది తప్పకుండా అడగండి, సైకెడెలిక్‌తో కలిస్తే ఫిట్స్ వచ్చినట్టు నమోదైంది.

ఇంట్లో వాదన పెట్టుకోవద్దు, ఎగతాళి అసలే వద్దు. వాదించే కొద్దీ నమ్మకం గట్టిపడుతుంది. "అప్పుడు ఏం చూసినావు, దాంతో ఇప్పుడు ఏం చేద్దామనుకుంటున్నావు" అని అడిగి వినాలి. ఆ రెండో ప్రశ్నకు జవాబే అసలైనది. రాజీనామా, పొలం అమ్మకం, విడాకులు, సన్యాసం లాంటివి ఏవైనా కనీసం రెండు మూడు నెలలు ఆపమని ఒప్పించండి. ఇప్పుడు నమ్ముతున్నది తేదీ వేసి తన చేత్తోనే ఒక కాగితం మీద రాసుకోమనండి. నెలకోసారి, మూడు నెలలకోసారి పాతది చూడకుండా మళ్లీ రాసి, రెండూ పక్కపక్కన పెట్టుకోమనండి. కొన్ని నిలుస్తాయి, కొన్ని వాటంతటవే రాలిపోతాయి.

భూతవైద్యం పేరుతో కట్టేయడం, ఉపవాసం పెట్టడం చేయనియ్యొద్దు. దర్గాకో మఠానికో పోతామంటే అడ్డు చెప్పక్కర్లేదు, డాక్టర్ దగ్గరికి కూడా పోవాలి. రాత్రిపూటైనా 14416కి, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, ఉచితం. ఏం తీసుకున్నాడో డాక్టర్‌కు దాచకుండా చెప్పాలి.

---

అనంత_సైకాలజీ (అనంతపురం)

ఇద్దరికీ చానా కృతజ్ఞతలు. ఆ తల్లికి ఈ రోజే ఫోన్ చేస్తాను. ఒక చిన్న అనుమానం. వాక్యాల ప్రయోగంతో పాటు "చెట్టుకు, రాయికి చైతన్యం ఉందా" అనే ప్రశ్నావళి కూడా పిల్లలకు ఇవ్వాలనుకుంటున్నాను, ఆ 2022 సర్వేతో పోల్చడానికి. ఇవ్వొచ్చా?

---

తుంగభద్ర_గట్టు (కర్నూలు)

ఇవ్వొచ్చు మేడమ్, కానీ నేరుగా అనువదించి ఇస్తే పనికిరాదు. "చైతన్యం ఉందా" అంటే మన పిల్లల్లో చానామంది మొదటే "ఉంది" అంటారు, అంకె పైకప్పుకు తగులుకుని ఇక పెరిగే చోటు ఉండదు. దాన్ని విడగొట్టండి: నొప్పి తెలుస్తుందా, జరిగింది గుర్తుంటుందా, కావాలని ఏదైనా చేస్తుందా. చెట్టు, చీమ, కుక్క, గుండురాయి, సెల్‌ఫోన్ ఒక్కోదానికి ఈ మూడూ అడగండి. మొక్కడం గురించి వేరే ప్రశ్న పెట్టండి, మొక్కేవాళ్లందరూ మనసుందని నమ్మరు. ముందు పది మందితో సరిచూసి, అందరూ ఒకే జవాబిచ్చే ప్రశ్నలు తీసేయండి.

"మీరు ఎప్పుడైనా తీసుకున్నారా" అనే ప్రశ్న మాత్రం వద్దు. ఎల్‌ఎస్‌డి, సైలోసైబిన్ రెండూ 1985 ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల నిరోధక) చట్టం కింద ఉన్నాయి, వాడడమూ నేరమే. పిల్లవాడి చేతిరాత మీ బీరువాలో ఉంటే రేపు వాడికే ఇబ్బంది. ప్రిన్సిపాల్ నుంచి రాతపూర్వక అనుమతి, పిల్లల నుంచి తెలుగులో సమ్మతి పత్రం విడిగా తీసుకోండి. జవాబు కాగితాల మీద పేరు కాదు గదా, హాల్ టికెట్ నంబర్ కూడా రాయించొద్దు.